పాత మారుతి 800 డోర్ స్విచ్చులు: వైరింగ్ జోలికి పోకముందు ఇది చూడండి

డోరు తీస్తే రూఫ్ లైటు ఒక్కోసారి రావడం లేదు, ఒక్కోసారి మూసినా ఆరడం లేదు, గుంటూరులో ఎలక్ట్రీషియన్ వైరింగంతా మార్చాలంటున్నాడు అని ఒక మారుతి 800 ఓనరు రాశారు. కాస్త ఆగండి. నాదీ మారుతి 800 బండే, 2003 మోడలు, ఏపీ 16. సరిగ్గా ఇదే రోగం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా బండి విజయవాడ సింగ్‌నగర్‌లో సీట్ల దాకా నీళ్లలో ఉంది. ఇంజను సంగతి వేరే భాగోతం. సీట్లు పీకి ఎండేశాం, ఆయిళ్లు మార్చాం. డోరు వచ్చి ఆనుకునే బాడీ స్తంభం, అంటే పిల్లర్ మీద, రూఫ్ లైటు వేసి ఆర్పే వేలి ముక్కంత స్విచ్చులున్నాయని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మరుసటేడు ఒక పెళ్లికని రైల్లో హైదరాబాద్ వెళ్లి, నాలుగు రోజులకొచ్చి తాళం తిప్పితే టిక్కుటిక్కుమంది అంతే. డోరు మూసినా రూఫ్ లైటు ఆరక బ్యాటరీ దిగిపోయింది. అందులోని 10 వాట్ల బల్బు 0.8 ఆంపియర్ల దాకా లాగుతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని ఖాళీ చెయ్యడానికి రెండు రోజులు చాలు.

ఈ స్విచ్చుకి వచ్చేది ఒక్కటే వైరు. రెండోది ఏదా అని నేనూ వెతికాను. బల్బుకి కరెంటు ఎప్పుడూ ఉంటుంది. డోరు తీయగానే పిన్ను బయటికొచ్చి, ఆ వైరుని బాడీ ఇనుముకి కలుపుతుంది, అంటే ఎర్త్ చేస్తుంది, లైటు వెలుగుతుంది. ఆ ఎర్త్ కూడా స్విచ్చుని బిగించిన స్క్రూ ద్వారానే. అందుకే స్క్రూ కింద తుప్పున్నా, పెయింటు కొట్టించినప్పుడు రంగు పడినా లైటు రాదు, కొత్త స్విచ్చు వేసినా సరే.

రూఫ్ లైటు మీట డోర్ అన్న చోట పెట్టి, స్క్రూ విప్పి, స్విచ్చు నుంచి వైరు ఊడదీసి బాడీలో రంగు లేని ఇనుముకి తాకించండి. భయం లేదు, మధ్యలో బల్బు ఉంది కాబట్టి ఫ్యూజు పోదు. వెలిగిందా, మీ వైరింగ్ నిక్షేపంగా ఉంది. మూసినా ఆరని డోరుకైతే స్విచ్చు విప్పకముందే పిన్నుని వేలితో నొక్కండి. ఆరిపోతే స్విచ్చు మంచిదే, పిన్ను కొస అరిగి ఉంటుంది, లేదా డోరు కిందకి జారి ఉంటుంది. డోరు చివర పట్టుకుని పైకి లేపితే ఊగుతోందంటే ముందు హింజెస్ చూపించండి, స్విచ్చు కొనకండి.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. స్విచ్చు లాగుతుంటే వైరు ఊడి పిల్లర్ లోపలికి జారిపోయింది. లోపల ఇనుముకి తగిలి రూఫ్ లైటేమో వెలుగుతూనే ఉంది, వెక్కిరించినట్టు. బైండింగ్ వైరు కొస వంచి గాలం వేస్తూ ఒక పూటంతా పోయింది. మీరు స్విచ్చు కాస్త బయటికి రాగానే వైరుకి బట్టల క్లిప్పు పెట్టెయ్యండి.

విప్పిన స్విచ్చు చూస్తే రబ్బరు చిరిగి, లోపలంతా పచ్చగా చిలుము. అది పట్టుకునే ఆటోనగర్ వెళ్లాను, మంచి పనే చేశాను. కొట్టతను "ఎయిట్ హండ్రెడ్‌కి అన్నీ ఒకటే బాబాయ్" అని ఇచ్చినదాని పిన్ను పాతదానికన్నా పొడుగు. అది వేస్తే డోరు దబామని కొడితే గానీ పడదు. పక్కన పెట్టి కొలిచి వేరేది తీసుకున్నా, జత 160 అయింది.

బిగించే ముందు స్క్రూ కూర్చునే చోట ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, ఆ తర్వాత పైన కొంచెం వాజలైన్ రాయండి. రబ్బరు లేని స్విచ్చు చవగ్గా వచ్చినా వద్దు. మన వానలకి ఏడాది ఆగదు.

అయ్యాక రాత్రిపూట బండిలో కూర్చుని అన్ని డోర్లూ వేసి చూడండి. స్విచ్చులన్నీ ఒకే లైటుకి కలుస్తాయి, ఏ ఒక్కటి మొండికేసినా అది ఆరదు. అప్పుడు ఒక్కొక్క దాని వైరు ఊడదీస్తూ పోతే దొంగ దొరుకుతుంది.