అతిశయోక్తి అంటే అబద్ధమేనా?

సందేహం: 'నెల్లూరు చేపల పులుసుకు సాటి లేదంటే అతిశయోక్తి కాదు' అని ఒకచోట చదివాను. అతిశయోక్తి అంటే అబద్ధమనేనా? దానికి అచ్చమైన తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: అబద్ధం కాదండీ. అతిశయమంటే మించడం. లోకంలో ఉన్న హద్దును మించిన మాట అతిశయోక్తి. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో దీన్ని అలంకారాల్లో ఉత్తమమైనదన్నాడు. అబద్ధం నమ్మించాలని చూస్తుంది. ఇక్కడ మాట హద్దు దాటిందని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు.

మన తిక్కననే చూడండి. విరాటపర్వంలో ధర్మరాజు వైభవం చెబుతూ 'ఎవ్వాని వాకిట నిభమదపంకంబు రాజభూషణరజోరాజి నడఁగు' అన్నాడు. ఏనుగుల మదజలంతో వాకిలంతా బురదైంది. కొలువుకొచ్చిన రాజులు కిక్కిరిసిపోయి, ఒకరి నగలు ఇంకొకరి నగలకు ఒరుసుకుని పొడి రాలింది. ఆ పొడి పడి బురద అణిగిపోయింది! లక్షమంది రాజులని అంకె వేసి ఉంటే మనం లెక్కకు దిగేవాళ్లం. ఆయన అంకె జోలికే పోలేదు. ఏనుగులూ ఉండేవే, తోపులాటా ఉండేదే, నగలు అరగడమూ ఉండేదే. హద్దు దాటింది ఆ పొడి ఒక్కటే. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మెలిగినవాడికి రాజద్వారం దగ్గరి రద్దీ తెలియకపోదు. అదే సీసంలో ధర్మరాజు గుణాలనే తీగ ఏడు సముద్రాల చివరి కొండ మీదికి పాకుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరని పద్యం ఇది.

ఇక 'అతిశయోక్తి కాదు' సంగతి. వ్యాకరణరీత్యా తప్పనను. కానీ ఫ్లెక్సీల్లో, వార్తల్లో, సన్మానపత్రాల్లో దాన్ని అలవాటుగా తగిలించేస్తున్నారు. ముందు ఆకాశానికెత్తడం, వెంటనే 'ఎత్తలేదు' అనడం! పులుసు అంత బాగుంటే పుల్లమామిడి ముక్కలు ఎప్పుడు వేశారో, రాత్రి వండింది పొద్దునకు ఎలా ఊరిందో రాయండి. చదివేవాడికి నోరూరుతుంది, సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగులో 'గోరంతను కొండంత చేయడం' ఉంది. కోతలు, బడాయి ఎక్కువగా సొంత గొప్పలకు వాడే మాటలు. 'వాడికి అతిశయం ఎక్కువ' అన్నప్పుడు అతిశయమంటే గర్వం. అలంకారం పేరుగా మాత్రం అతిశయోక్తే ఉండాలి. మాటల్లో 'అతిశయోక్తి కాదు' దొర్లితే దొర్లనివ్వండి గానీ, పిల్లల వ్యాసాల్లో కనిపిస్తే కొట్టేయండి.