కుప్ప కంపు కొడుతోందా? పొట్టు కలపండి

గుంటూరులో మీ కాలనీలో తడిచెత్తతో కంపోస్టు ఎరువు చేసే కుప్ప నీరు కారుతూ, ముక్కు మండేలా వాసన వేస్తోందన్నారు కదండీ. టెన్షన్ పడకండి, కుప్ప చెడిపోలేదు. తడి ఎక్కువై గాలి ఆడటం లేదు, నత్రజని అమ్మోనియాగా పోతోంది. కుప్ప మొత్తం విప్పి రంపపు పొట్టు, ఎండుటాకులు, కొబ్బరి పీచు బాగా కలపండి. వీటిలో కార్బన్ ఎక్కువ, తడిచెత్తలో నత్రజని ఎక్కువ; కుప్పలో కార్బన్, నత్రజని నిష్పత్తి 30:1 దగ్గర ఉండాలి. ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి. వరి ఊక త్వరగా కుళ్లదు కానీ గాలికి దారి ఇస్తుంది, కొంచెం వేయండి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. మూడడుగుల ఎత్తు లేకపోతే వేడి నిలవదు. లోపల 55 డిగ్రీలు దాటి 3 రోజులైనా ఉంటేనే రోగక్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. వేడి తగ్గగానే తిరగేయండి. వారంలో వాసన ఎలా ఉందో తప్పకుండా చెప్పండి.