సోటెర్న్ పక్కన ఏం పెట్టాలి

చి. సౌజన్యకు,

ఆదివారం భోజనం చివర సోటెర్న్ అనే ఫ్రెంచ్ తీపి వైన్ పోసి, పక్కన గులాబ్ జామూన్ పెడతానన్నావు. వద్దమ్మా. లడ్డూ తిని టీ తాగితే టీలో చక్కెర మర్చిపోయారేమో అనిపిస్తుంది కదా, ఇక్కడా అంతే. జామూన్ పాకం ముందు వైన్ తీపి ఆనదు, పులుపొక్కటే నాలుకకు తగులుతుంది. పక్కన పెట్టే తీపి వైన్ కంటే ఓ మెట్టు తక్కువే ఉండాలి.

సోటెర్న్ పుట్టేది ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి దక్షిణాన. అక్కడ చల్లటి సిరాన్ ఏటి నీళ్ళు అంతకంటే వెచ్చగా ఉండే గరోన్ నదిలో కలిసేచోట, శరదృతువులో తెల్లారేసరికి పొగమంచు కమ్ముతుంది. ఆ తేమకే ద్రాక్షకు బొట్రైటిస్ అనే బూజు పడుతుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే అది మేలు చేసే బూజు: తొక్కకు కనబడని చిల్లులు పడి నీరు ఆవిరైపోతుంది, చక్కెరతోపాటు పులుపూ చిక్కబడుతుంది. ఎండ రాకపోతే గుత్తి కుళ్ళుతుంది. అందుకే ఒకే తోటలోకి మూడు నాలుగుసార్లు వెళ్ళి, బూజు సరిగ్గా పట్టిన పళ్ళే ఏరతారు. ధర అందుకే అంత. లీటరుకు 120 గ్రాములు దాటిన చక్కెర మామూలే, అయినా వెగటు పుట్టనివ్వనిది ఆ పులుపే.

దీనికి సరిజోడు ఉప్పు. రోక్‌ఫోర్ చీజ్ తెచ్చుకో. గొర్రెపాలది, నీలి చారలతో ఉంటుంది, ఉప్పు గట్టిగా తగులుతుంది. తలా 30 గ్రాములు, అంటే ఆరుగురికి 180. తినడానికి గంట ముందే ఫ్రిజ్‌లోంచి బయటపెట్టు, చల్లగా ఉంటే వెన్న రుచి రాదు, ఉప్పే కొడుతుంది. కోసేటప్పుడు మధ్యలోంచి అంచుదాకా పొడవు ముక్కలు కోయి. నీలం మధ్యలో ఎక్కువ, అడ్డంగా కోస్తే ఒకరికి అంతా నీలం, ఇంకొకరికి తెల్ల అంచు మిగులుతాయి. శనగగింజంత చీజ్ నోట్లో వేసుకుని, అది కరుగుతుండగా ఒక గుక్క తాగమని చెప్పు. ఉప్పు తగ్గినట్టు, వైన్‌లో ఆప్రికాట్ వాసన లేచినట్టు అనిపిస్తుంది. పక్కన మామూలు బ్రెడ్ చాలు. వెనిగర్ పోసిన సలాడ్ మాత్రం ఆ ప్లేటు దరిదాపుల్లోకి రానీకు.

ఒక్క మాట: రోక్‌ఫోర్‌కు పాలు విరిచేది జంతువుల కడుపులోంచి తీసే రెన్నెట్‌తో. శుద్ధ శాకాహారులుంటే ముందే చెప్పి, వాళ్ళకి దోరగా వేయించిన ఉప్పు జీడిపప్పు పెట్టు.

తీపి ఉండాల్సిందే అంటే, పుల్లటి ఆప్రికాట్లతో చక్కెర తగ్గించి చేసిన టార్ట్ పెట్టు. చాక్లెట్ వద్దు, దాని చేదు వైన్‌ని నొక్కేస్తుంది. చాక్లెట్‌కి స్పెయిన్ సరిహద్దు దగ్గరి బాన్యుల్స్ అనే తీపి వైన్ వేరే ఉంది. బోర్డోవాళ్ళు భోజనం మొదట్లోనే ఫోయ్ గ్రాతో (బాగా మేపిన బాతు కాలేయంతో) సోటెర్న్ పోస్తారు. జోడీ బాగానే ఉంటుంది గానీ నాకు నచ్చదు, ఆ తర్వాత పోసే డ్రై వైన్ (తీపి లేనిది) పుల్లనీళ్ళలా ఉంటుంది.

375 మి.లీ. సగం సీసా ఆరుగురికి సరిపోతుంది, తలా 60. ఫ్రిజ్‌లో మూడు గంటలు, లేదా ఐసూ నీళ్ళూ కలిపిన బకెట్‌లో ఇరవై నిమిషాలు. 10-12 డిగ్రీల్లో తాగాలి. మరీ చల్లబడితే వాసన చస్తుంది, వేడెక్కితే పాకం తాగినట్టుంటుంది. చిన్న గ్లాసులో మూడోవంతుకు మించి పోయకు. అడుగున మెరిసే పలుకులు కనబడితే గాజు అనుకుని పారబోసేవు, అవి వైన్‌లోని పులుపు గడ్డకట్టినవే.

సోటెర్న్ ధర చూసి గుండె జారితే, గరోన్ అవతలి ఒడ్డున లూపియాక్, సాంత్ క్రువా ద్యు మోన్ అనే ఊళ్ళ వైన్లు ఉన్నాయి. ద్రాక్షలూ అవే, బూజూ అదే, ధర బాగా తక్కువ. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, ఐదారు రోజులు ఆగుతుంది.

ఆశీస్సులతో,
బాబాయి