కొత్త గ్రాఫిక్స్ కార్డుకు పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ వాడవచ్చా?

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. రెండు ఎనిమిది పిన్నుల కేబుళ్లను కలుపుకునే అడాప్టర్ దానితోపాటే వచ్చింది. నాది 650 వాట్ల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్తునిచ్చే పెట్టె, కేబుళ్లను విడిగా తీసి పెట్టుకునే రకం). దాని గ్రాఫిక్స్ కేబుల్ ఒక్కటే నా దగ్గర ఉంది, దాని చివర రెండు కనెక్టర్లున్నాయి. వేరే కంపెనీకి చెందిన పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ కూడా ఇందులో సరిగ్గా పడుతోంది. రెండూ వాడవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పాత కేబుల్‌ను దయచేసి వాడకండి. అది సరిగ్గా పట్టడమే ఇక్కడ అసలు ప్రమాదం. గ్రాఫిక్స్ కార్డు వైపు ఉండే ఎనిమిది పిన్నుల అమరిక అన్ని కంపెనీలకూ ఒకటే అయినా, మాడ్యులర్ కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌లోకి వెళ్లే వైపు ఏ పిన్నులో ఏ తీగ ఉండాలన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ 12 వోల్టులు ఇచ్చే చోట మరో కంపెనీ గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) పెట్టి ఉండవచ్చు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ వెంటనే విద్యుత్తును ఆపేస్తే మీ అదృష్టం, లేకపోతే కార్డు కాలిపోతుంది. ఒకే కంపెనీవైనా వేర్వేరు మోడళ్ల కేబుళ్లు ఒకదానికొకటి సరిపోతాయన్న హామీ లేదు. కాబట్టి మీ ఎస్‌ఎంపీఎస్ మోడల్ పేరు చెప్పి, దానికి పనికొస్తుందని ఆ కంపెనీయే పేర్కొన్న రెండో కేబుల్‌ను తెప్పించుకోండి.

అది వచ్చేవరకు, మీ ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన రెండు కనెక్టర్ల కేబుల్‌ను వాడుకోవచ్చు. ఈ కార్డు గరిష్ఠ వినియోగం 220 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్ల వరకు, ఒక్కో ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్ల వరకు ఇవ్వవచ్చని ప్రమాణం చెబుతుంది. నాణ్యమైన కేబుల్ ఈ భారాన్ని మోయగలదు కానీ, ఓవర్‌క్లాకింగ్ (కార్డును నిర్ణీత వేగానికి మించి నడపడం) మాత్రం చేయకండి. రెండు విడి కేబుళ్లు వాడితే ఒక్కో తీగలో కరెంటు సగమై, అందులో పుట్టే వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే రెండో కేబుల్ కొనమంటున్నాను. హార్డ్‌డిస్కులకు విద్యుత్తునిచ్చే శాటా పవర్ కనెక్టర్‌ను ఎనిమిది పిన్నులుగా మార్చే చవక అడాప్టర్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. శాటా కనెక్టర్ 12 వోల్టుల వద్ద మోయగలిగేది 54 వాట్లే.

ప్రాసెసర్‌కు వెళ్లే కేబుల్‌కూ ఎనిమిది పిన్నులే ఉంటాయి, కానీ అందులో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. ‘సీపీయూ’ అని రాసి ఉన్న కేబుల్‌ను బలవంతంగా కార్డు అడాప్టర్‌లోకి తోయకండి.

ఇక కార్డు మీదుండే, అడాప్టర్ రెండో చివర వెళ్లి కలిసే పదహారు పిన్నుల కనెక్టర్ విషయంలో మరింత శ్రద్ధ అవసరం. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల వద్ద ఈ కనెక్టర్లు కరిగిపోయినప్పుడు, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం తరచూ కనిపించిన కారణమని ఈ కార్డుల చిప్‌లను రూపొందించే ఎన్విడియా చెప్పింది. ఆ కార్డు 450 వాట్లు తీసుకుంటుంది. మీ కార్డు అందులో సగం కూడా తీసుకోదు కాబట్టి ముప్పు తక్కువే. అయినా అలవాటు ఒకటే కావాలి. గోడ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనివ్వండి. కార్డును స్లాట్‌లో గడియ పడేదాకా దింపి స్క్రూ బిగించాక, కనెక్టర్‌ను నిటారుగా నొక్కండి. పక్క నుంచి టార్చి వేసి చూసినప్పుడు రెండింటి మధ్య సందు కనిపించకూడదు. కనెక్టర్ మొదలు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల వరకు తీగలను వంచకండి. క్యాబినెట్ తలుపు వాటిని నొక్కుతున్నట్టయితే తలుపు తీసే ఉంచండి.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే ఇస్తుంది. గేమ్ ఆడేటప్పుడు కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి ఆ హద్దు దాటవచ్చు. అలాంటి యూపీఎస్ ఉంటే, కరెంటు పోగానే గేమ్ ఆపి కంప్యూటర్‌ను మూసేయండి, లేదంటే 1000 వీఏ లేదా అంతకు మించినదానికి మారండి. కొత్త కార్డుతో మొదటి గంటలో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, ఆడుతుండగా తెర నల్లబడినా ముందు గోడ స్విచ్ ఆపి, చల్లబడ్డాక కనెక్టర్ పిన్నులను పరిశీలించండి. నల్లబడిన లేదా కరిగిన గుర్తు కనిపిస్తే ఆ అడాప్టర్‌ను మళ్లీ తగిలించకుండా కార్డుతో సహా వారంటీ కేంద్రానికి తీసుకెళ్లండి.