70 వేలలో ఎడిటింగ్‌కీ గేమింగ్‌కీ ఒకే పీసీ: కార్డు సంగతి తర్వాత, ముందు ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూడండి

వీడియో ఎడిటింగ్, గేమింగ్ రెండూ నడిచేలా 70 వేల లోపు పీసీ అసెంబుల్ చేయించుకోవాలి, అందులో గ్రాఫిక్స్ కార్డుకి ఎంత పెట్టాలి అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరడిగినా వచ్చే జవాబు ఒకటే: సగం డబ్బు కార్డుకి పెట్టు, మిగతా సగంలో మిగతావన్నీ సర్దుకో. ఒట్టి ఆటలకే అయితే నేనూ సరేనంటాను. కానీ మీరు ఎడిటింగ్ అన్నారు, పైగా ఎడిటింగ్‌నే ముందు రాశారు, కాబట్టి ఆ లెక్క మీకు పనికిరాదు. ముందు ప్రాసెసర్, తర్వాత ర్యామ్, ఆ తర్వాత పవర్ సప్లై, యూపీఎస్. కార్డు చివర్లో మిగిలినదానితో. మిగలకపోతే ఆరు నెలలాగి కొనుక్కోండి, కొంపలేమీ మునగవు.

నేను ఖమ్మంలో పెళ్లి వీడియోల మిక్సింగ్, అంటే ఎడిటింగ్ చేస్తాను. పెళ్లి మొత్తం ఎడియస్‌లో, రీల్స్, ప్రీవెడ్డింగ్ పాటలు ప్రీమియర్‌లో (రెండూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లే). ముహూర్తాలు లేని రోజుల్లో రాత్రిపూట అదే సిస్టమ్ మీద గేమ్స్ ఆడతాను. అంటే మీరు అడిగిన రెండు పనులూ ఒకే డబ్బాతో చేయించుకునేవాణ్ణే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోయిన మాఘమాసం ముహూర్తాలప్పుడు మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడికి సత్తుపల్లి వైపు చిన్న స్టూడియో ఉంది. అప్పు చేసి కొత్త సిస్టమ్ తెచ్చుకున్నాడు: ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, ముందూ పక్కనా అద్దాలున్న కేబినెట్, దాన్నిండా రంగురంగుల ఫ్యాన్లు. షాపువాడు “ఈ కార్డు ఉంటే 4కే ఏదైనా పరిగెడుతుంది తమ్ముడూ” అని చెప్పి పంపాడట. తీరా పెళ్లికూతురి వాళ్లొచ్చి పాటల్లోకి క్లిప్పులు సెలెక్ట్ చేస్తామని వెనకాల కుర్చీలేసుకుని కూర్చున్నారు. జీలకర్ర బెల్లం దగ్గర బొమ్మ ఆగిపోయింది. సన్నాయి మాత్రం వినిపిస్తూనే ఉంది. కాసేపాగి బొమ్మ ఒక్క గెంతు గెంతి తలంబ్రాల దగ్గర తేలింది. పెళ్లికూతురి మేనమామ “కెమెరా గానీ పాడైందా బాబూ?” అనేసరికి వీడికి చెమటలు పట్టాయి. “అన్నా, లక్ష రూపాయల సిస్టమన్నా, ప్లే కూడా అవట్లేదన్నా” అని ఫోన్‌లోనే గొంతు మారిపోయింది. పార్టీ ముందు అలా జరిగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మనం ఎంత బాగా తీసినా వాళ్లకు గుర్తుండేది ఆగిపోయిన బొమ్మే.

మర్నాడు వెళ్లి టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్లే నొక్కగానే ప్రాసెసర్ నూటికి నూరు శాతం, కార్డులో వీడియో డీకోడ్ (ఫైలును విప్పి బొమ్మగా చూపే పని) అన్న గ్రాఫ్ మాత్రం కదలడమే లేదు. అంత ఖరీదైన కార్డు ఉత్తినే కూర్చుంది. కారణం ఫుటేజ్‌లో ఉంది. వాడు తీసింది సోనీ ఏ7 ఫోర్‌తో, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లో, అంటే హెచ్.265 అనే కుదింపు పద్ధతి, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే రకం). రంగులు దిద్దుకోవడానికి చాలా బాగుంటుంది, అందుకే ఇప్పుడు పెళ్లిళ్లకు చాలామంది అందులోనే తీస్తున్నారు. కానీ ఆ రకం ఫైలును విప్పే ఏర్పాటు 4060లో అసలు లేదు. 3060లోనూ లేదు. 40 సిరీస్‌లో పెద్ద కార్డు కొన్నా లేదు. ఇంటెల్‌లో మాత్రం డెస్క్‌టాప్ 11వ తరం నుంచీ ప్రాసెసర్ లోపలి చిన్న గ్రాఫిక్స్‌లోనే అది ఉంది, క్విక్ సింక్ అంటారు. 12400లో ఉండే యూహెచ్‌డీ 730 ఆ పనిని తేలిగ్గా చేసేస్తుంది. 12400ఎఫ్‌లో ఆ గ్రాఫిక్సే ఉండదు. ఎఫ్ అంటే అదే. రెండు వేలు అటూ ఇటూ మిగులుతుందని షాపువాళ్లు ఎఫ్ అంటగడతారు, “ఎలాగూ కార్డు పెడుతున్నావుగా, లోపలి గ్రాఫిక్స్ దేనికి” అంటారు. ఆటలాడేవాడికి అది నిజమే. మిక్సింగ్ చేసేవాడికి ఆ రెండు వేల పొదుపు గొంతు కోస్తుంది.

వాడికి నమ్మకం కుదరక, అదే క్లిప్పును ఎస్‌ఎస్‌డీలో వేసుకుని ఖమ్మం వచ్చాడు. నా దగ్గరున్నది మామూలు 12400, పక్కన పాత జీటీఎక్స్ 1650, 4 జీబీది. అందులో ఆ క్లిప్పు ఎక్కడా ఆగకుండా నడిచింది, రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టినా నడిచింది. వాడు ఏమీ అనలేదు, నా సిస్టమ్ పక్కనున్న డబ్బా మీద ప్రాసెసర్ పేరు ఫోటో తీసుకున్నాడు.

షాపులో సీలు విప్పిన ప్రాసెసర్ వెనక్కి తీసుకోం అన్నారు. బేరం దగ్గర ఉన్నంత మర్యాద ఆ రోజు లేదు. చివరికి ఎఫ్‌ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మి 12400 తెచ్చుకున్నాడు. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) అదే ఎల్‌జీఏ 1700 కాబట్టి మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది: కార్డు పెట్టి ఉంటే చాలా బోర్డుల్లో లోపలి గ్రాఫిక్స్ దానంతటదే ఆఫ్ అయిపోతుంది. బయాస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నదాన్ని ఎనేబుల్ చేయాలి, విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయాలి, ఆ తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌కి ఇంటెల్ టిక్ ఉందో లేదో చూడాలి. మానిటర్ కేబుల్ కార్డుకే ఉండనివ్వండి. ఇది చేయక “ఎఫ్ లేనిది కొన్నా తేడా ఏం లేదు” అని తిరిగేవాళ్లను చూశాను.

ఇదంతా మీ కెమెరా మీద ఆధారపడి ఉంటుంది. మీరు ఫోన్‌తో తీసే మామూలు వీడియోలు, హెచ్.264 ఫైళ్లు మాత్రమే కోస్తారనుకోండి, ఏ కార్డయినా వాటిని విప్పేస్తుంది, అప్పుడు ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600 లాంటిదానికి వెళ్లినా ఇబ్బంది లేదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఎన్‌విడియా ఎట్టకేలకు 4:2:2 కూడా కలిపింది, అంటే 5060 కొనగలిగినవాళ్లకు ఈ బాధ చాలావరకు తప్పింది. ఇంటెల్ సొంత ఆర్క్ కార్డుల్లోనూ క్విక్ సింక్ ఉంది. బీ580లో అయితే 12 జీబీ మెమరీ కూడా వస్తుంది, కానీ బోర్డులో రీసైజబుల్ బార్ అనే సెట్టింగ్ ఆన్ చేసుకోకపోతే ఆటల్లో దాని సత్తా కనిపించదు. అయినా నా మాట మారదు. కార్డు కాలిపోయినా, అమ్మేసినా, సర్వీసుకి ఇచ్చినా ఎఫ్ లేని ప్రాసెసర్ ఉంటే బోర్డుకే మానిటర్ తగిలించి పని సాగించొచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో కార్డు వారంటీకి పోయి నెల పట్టిందంటే, ఎఫ్ ఉన్నవాడు ఆ నెలంతా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

ర్యామ్ దగ్గరికొస్తే ఇప్పుడు కడుపు మండుతోంది. 2025 చివర్లో ధరలు ఎలా ఎగిరాయో చూశారు కదా. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ అంతా అటు మళ్లింది, మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. అప్పట్లో గ్రాఫిక్స్ కార్డులను క్రిప్టో మైనింగ్ వాళ్లు ఎగరేసుకుపోయారు, ఇప్పుడు ర్యామ్‌ని ఏఐ వాళ్లు. మధ్యలో మన ఊళ్లలో పొట్టకూటికి కంప్యూటర్ కొనుక్కునేవాడు ఏమైపోవాలి? ఈ కోపం నాకు ఇప్పట్లో తగ్గేది కాదు. సరే, దానికి నేను చెప్పే ఉపాయం: డీడీఆర్4 (పాత తరం ర్యామ్) బోర్డు, నాలుగు స్లాట్లున్న బీ760 తీసుకోండి. 12400 డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల ర్యామ్‌తోనూ పనిచేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. 8 జీబీవి రెండు వేసి మొదలుపెట్టండి, రెండు స్లాట్లు ఖాళీగా ఉంటాయి, తర్వాత 32 చేసుకోవచ్చు. ఒక్క 16 జీబీ స్టిక్ మాత్రం వద్దు, డ్యూయల్ చానెల్ (రెండు స్టిక్కులూ కలిసి పనిచేసే వేగం) పోతుంది, లోపలి గ్రాఫిక్స్‌కీ ఆటలకీ రెండింటికీ దెబ్బే. ఇంటికి తెచ్చాక బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే 3200 అని డబ్బులిచ్చి కొన్న ర్యామ్ చాలాసార్లు అంతకంటే తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది, మీకు ఎవరూ చెప్పరు.

కరెంటు గురించి ఎవరూ రాయరు, నాకు అదే ఆశ్చర్యం. ఈ సలహాలిచ్చేవాళ్లు ఎక్కడుంటారో తెలీదు కానీ మా దగ్గర ఎండాకాలం సాయంత్రం లైట్లు ఎలా మినుకుమంటాయో వాళ్లు చూసి ఉండరు. కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే పవర్ సప్లై వాడకండి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది, 550 లేదా 650 వాట్లది చాలు. 600 వీఏ యూపీఎస్ అని అమ్మేవి దాదాపు 360 వాట్లే ఇస్తాయి. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే ప్రాసెసర్, కార్డు, మానిటర్ అన్నీ కలిపి ఆ లోడు దాని పీకల దాకా వస్తుంది, ఫైలు సేవ్ చేసుకునే టైమ్ కూడా ఉండదు. 1000 లేదా 1100 వీఏది కొనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే చాలావాటికి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి ఉందో లేదో చూడండి, లేదంటే మారే ఆ క్షణంలోనే సిస్టమ్ రీస్టార్ట్ అవ్వొచ్చు. ఎర్తింగ్ సరిగా లేని ఇల్లయితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి, పీసీ తర్వాత కొనండి.

కేబినెట్‌కి ముందు అద్దం వద్దు, జాలీ ఉన్నది కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మా గదిలో మామూలుగా కూర్చోవడమే కష్టం, ఆ వేడిలో గాలి లోపలికి పోయే దారి మూసేసి లైట్లు వెలిగించడం ఏంటో నాకు ఎంత ఆలోచించినా బోధపడదు. ఆ రంగుల ఫ్యాన్లకు పెట్టే డబ్బు ఎస్‌ఎస్‌డీని 500 జీబీ నుంచి 1 టీబీకి పెంచుకోవడానికి పెట్టండి. పని నడుస్తున్న ఫుటేజ్ ఎస్‌ఎస్‌డీలో, అయిపోయింది హార్డ్‌డిస్కులో, పార్టీకి డెలివరీ ఇచ్చి డబ్బు అందేదాకా రెండో చోట ఇంకో కాపీ. పెళ్లి మళ్లీ తీయలేం.

ఇంకొకటి, “ఐ7, 32 జీబీ, ఎడిటింగ్ స్పెషల్, 15 వేలే” అని ప్రకటనలు కనిపిస్తాయి. లోపల చూస్తే 2013 నాటి 4వ తరం ఐ7 ఉంటుంది. 10 బిట్ హెచ్.265 దానివల్ల కాదు, విండోస్ 11కి దాన్ని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఐ7 అన్న పేరు చూసి డిగ్రీ పిల్లలు ట్యూషన్ డబ్బులు దాచుకుని మరీ కొంటున్నారు. అమ్మేవాళ్లు ఏ తరమో ప్రకటనలో రాయరు, అడిగితేగానీ చెప్పరు.

మీ 70 వేలలో మానిటర్ కూడా కలిపారో లేదో రాయలేదు. కలిపితే 12400, బీ760, 16 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, మంచి పవర్ సప్లై, యూపీఎస్, ఐపీఎస్ మానిటర్ ఇవి ఇప్పుడు, కార్డు రెండు మూడు ఆర్డర్లు అయ్యాక. అప్పటిదాకా వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటలు సెట్టింగ్స్ తగ్గించి లోపలి గ్రాఫిక్స్ మీదే ఆడుకోవచ్చు. మానిటర్ ముందే ఉంటే సెకండ్ హ్యాండ్‌లో 3060 చూడండి, 12 జీబీదే చూడండి, ఎఫెక్టులు, కలర్ పని ఎక్కువైనప్పుడు ఆ మెమరీ పనికొస్తుంది. మైనింగ్‌లో వాడినదా అని అమ్మేవాణ్ణి అడిగితే ఎలాగూ కాదనే అంటాడు, అందుకే వాళ్లింట్లోనే ఓ అరగంట ఏదైనా పెద్ద గేమ్ ఆడించి ఫ్యాన్ చప్పుడు, టెంపరేచర్ చూసి తీసుకోండి.

కొనడానికి సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్) వెళ్లేట్టయితే నాలుగైదు షాపుల్లో ఒకే లిస్టు ఇచ్చి కొటేషన్లు రాయించుకోండి. జీఎస్టీ 18 శాతం కలిపి చెప్పారా, విడిగానా అన్నది ముందే తేల్చుకోండి. బిల్లు లేకపోతే తగ్గిస్తామంటారు, వద్దనండి, ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించండి, వారంటీకి వెళ్లినప్పుడు మొదట అడిగేది దాన్నే. డబ్బు కట్టే ముందు ప్రాసెసర్ డబ్బా చేతిలోకి తీసుకుని పేరు పూర్తిగా చదవండి. మీ కెమెరా ఏది, ఏ ఫార్మాట్‌లో తీస్తున్నారో కింద రాస్తే ఆ ఫైళ్లకు కార్డు అవసరమో కాదో నేను చెబుతాను.