పాత డిస్కులు, కొత్త ప్లేస్టేషన్: విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పీఎస్‌5 (ప్లేస్టేషన్ 5 గేమ్ మెషీన్) కొందామనుకుంటున్నాం. ఇంట్లో నా పీఎస్‌1, పీఎస్‌2 డిస్కులు నలభై దాకా ఉన్నాయి. కొత్తదాంట్లో అన్నీ ఆడతాయి, పాత మెషీన్ అమ్మేయమంటున్నాడు మా తమ్ముడు. అమ్మేయొచ్చా?
– పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మకండి. ఆ నలభైలో ఒక్కటి కూడా పీఎస్‌5లో ఆడదు. దానికి పీఎస్‌4, పీఎస్‌5 డిస్కులే పనికొస్తాయి. డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ కొని, విడిగా డ్రైవ్ తగిలించకపోతే అవి కూడా పెట్టడానికి చోటుండదు.

ఎందుకో తెలియాలంటే పాత పీఎస్‌2 లోపల ఏముందో చూడాలి. మొదటి ప్లేస్టేషన్ 1994 డిసెంబర్ 3న జపాన్‌లో వచ్చింది. 33.8 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 ఎంబీ ర్యామ్, సీడీ డ్రైవ్. 2000 మార్చి 4న పీఎస్‌2 వచ్చినప్పుడు ఆ పాత ప్రాసెసర్‌ను పారేయకుండా కొత్త బోర్డు మీదే కూర్చోబెట్టారు. పీఎస్‌2 గేమ్ నడిచేటప్పుడు కంట్రోలర్లు, మెమరీ కార్డుల పని అది చూసుకుంటుంది. పీఎస్‌1 డిస్కు పెట్టగానే అదే ప్రధాన ప్రాసెసర్ అయిపోతుంది. పాత గేములు ఆడించడానికి ఇంత పొదుపైన, ఇంత తెలివైన ఏర్పాటు ఈ కుటుంబంలో మళ్లీ రాలేదని మా అభిప్రాయం.

2006 నవంబర్‌లో పీఎస్‌3 వచ్చింది. జపాన్, అమెరికాల్లో అమ్మిన తొలి 20 జీబీ, 60 జీబీ మోడళ్లలో పీఎస్‌2 చిప్పులు రెండూ (ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్) ఉన్నాయి. ఖర్చు తగ్గించడానికి 2007లో యూరప్ మోడల్‌లో ప్రాసెసర్ తీసేసి గ్రాఫిక్స్ చిప్ ఉంచారు. తరవాతి 40 జీబీ మోడల్‌లో అదీ పోయింది, దాంతో పీఎస్‌2 డిస్కులు ఆడటం ఆగిపోయింది. పీఎస్‌1 డిస్కులు మాత్రం ఏ పీఎస్‌3లోనైనా ఆడతాయి. 2013లో వచ్చిన పీఎస్‌4తో దారి పూర్తిగా మారింది. కంప్యూటర్లలో వాడే ఎక్స్86 రకం ప్రాసెసర్ పెట్టారు, పైగా దాని డ్రైవ్ అసలు సీడీలనే చదవదు. పీఎస్‌5 డ్రైవ్ కూడా అంతే. అందుకే పీఎస్‌1 డిస్కు పెడితే గేమ్ సంగతి అటుంచి, డిస్కు ఉన్నట్టే దానికి తెలియదు. ప్రాసెసర్ రకం ఒకటే కాబట్టి పీఎస్‌4 గేములు మాత్రం దాదాపు అన్నీ పీఎస్‌5లో నడుస్తాయి.

పీఎస్‌5 కొనండి, పీఎస్‌2 ఉంచండి. ఒక్క జాగ్రత్త: పీఎస్‌1 గేమ్ పీఎస్‌2లో ఆడినా, సేవ్ చేయడానికి 15 బ్లాకుల పాత పీఎస్‌1 మెమరీ కార్డే కావాలి. పీఎస్‌2 వాడే 8 ఎంబీ కార్డులోకి నేరుగా సేవ్ కాదు. పీఎస్‌2 మెనూలోని ‘బ్రౌజర్’లోకి వెళ్లి అందులోకి కాపీ చేసి దాచుకోవచ్చు, ఆడేటప్పుడు మళ్లీ పాత కార్డులోకి తెచ్చుకోవాలి.

ప్రశ్న: మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఏడాదిగా బీరువాలో ఉన్న పీఎస్‌2 పెద్ద మోడల్ తీస్తే ‘డిస్క్ రీడ్ ఎర్రర్’ అంటోంది. లెన్స్ మార్చాల్సిందే అన్నారు షాపులో. నిజంగా మార్చాలా?
– పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: తొందరపడకండమ్మా. ముందు ఖర్చు లేని పరీక్ష చేయండి. డిస్కులు తిరగేసి అడుగు రంగు చూడండి. పీఎస్‌1 డిస్కు నల్లగా ఉంటుంది, పీఎస్‌2 సీడీ నీలంగా, పీఎస్‌2 డీవీడీ వెండి రంగులో. మెషీన్ సీడీకి 780, డీవీడీకి 650 నానోమీటర్ల వేర్వేరు లేజర్లు వాడుతుంది. నల్లవి, నీలంవి ఆడి వెండివి మాత్రమే ఆడకపోతే డీవీడీ లేజర్ బలహీనపడి ఉండొచ్చు, అప్పుడు లెన్స్ మార్పు అవసరమే. ఏవీ ఆడకపోతే ముందు మురికినీ ఎండిన గ్రీజునీ అనుమానించండి. సముద్రపు గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా వస్తుంది. వాడుతున్న మెషీన్ వేడికి తేమ ఆరిపోతుంది. ఏడాది బీరువాలో ఉన్నదానికి ఆ అవకాశం లేదు.

వైరు పీకి పది నిమిషాలు ఆగండి. అడుగున చదరపు మూతల కింద 8 లేదా 10 స్టార్ స్క్రూలు ఉంటాయి. అవి తీసి, పై మూత పైకి వచ్చేలా మెషీన్‌ను మళ్లీ తిప్పి పెట్టి, పై మూతను వెనకవైపు నుంచి నెమ్మదిగా ఎత్తండి. ఎక్కువమంది దెబ్బతీసేది ఇక్కడే: ముందున్న పవర్, ఎజెక్ట్ బటన్ల నుంచి బోర్డుకి కాగితంలాంటి పల్చని రిబ్బన్ వస్తుంది. మూతను ఒక్కసారి లాగితే అది చిరిగిపోతుంది. మూతను పక్కకి వాల్చండి, రిబ్బన్ ఊడదీయొద్దు.

డ్రైవ్ మీది రేకు మూతకున్న నాలుగు చిన్న స్క్రూలు తీస్తే లెన్స్ కనిపిస్తుంది. కాటన్ బడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడి చేసి, బొట్టు కారకుండా పిండి, లెన్స్ మీద నొక్కకుండా గుండ్రంగా రెండుసార్లు తిప్పండి. లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది, కాస్త గట్టిగా అదిమినా అవి వంగుతాయి. సెంటు, హ్యాండ్ శానిటైజర్ వద్దు, వాటిలోని నూనె, నీరు మరకలుగా మిగిలిపోతాయి. తరవాత లెన్స్ జారే ఉక్కు కడ్డీ మీది గోధుమరంగు పాత గ్రీజు తుడిచి, బియ్యపు గింజంత వైట్ గ్రీజు పూసి, లెన్స్‌ను చేత్తో అటూ ఇటూ ఓ సారి జరపండి. మెమరీ కార్డు రేకుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే అదే ఆల్కహాల్‌తో తుడవండి.

ఇంత చేసినా చదవకపోతే లెన్స్ మార్పించండి. మోడల్ నంబరు చెప్పి కొనండి, 30004కీ 50004కీ ఒకే లెన్స్ సరిపోదు. ఇకమీదట నెలకోసారి అరగంట ఆన్ చేసి ఉంచండి, దాచేటప్పుడు మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి.

ప్రశ్న: మా మావయ్య అమెరికా నుంచి పీఎస్‌2 తెచ్చారు. నేరుగా ప్లగ్‌లో పెట్టొచ్చా? ఇక్కడి డిస్కులు ఆడతాయా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: పెట్టే ముందు వెనక లేబుల్ చదవండి. మోడల్ నంబరు చివరి అంకె 1 అయితే అమెరికాది, 0 జపాన్‌ది, 4 యూరప్‌ది. 120 వోల్టులు అని రాసి ఉంటే మన 230 వోల్టులకు పెట్టగానే ఫ్యూజు, ఒక్కోసారి పవర్ సప్లై బోర్డే పోతుంది. వోల్టేజీ తగ్గించే 100 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. అడాప్టర్ మీద 100–240 అని ఉంటే ఆ బాధ లేదు.

ఇక్కడి పాల్ (PAL అనే టీవీ పద్ధతికి చేసిన) డిస్కులు అందులో ఆడవు. పీఎస్‌1, పీఎస్‌2 రెండింటికీ ప్రాంతం తాళం ఉంది, అంటే ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం మెషీన్‌లోనే ఆడుతుంది. పీఎస్‌3 నుంచి ఆ తాళం దాదాపు పోయింది.

టీవీకి కాంపొనెంట్ కేబుల్ (బొమ్మకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ప్లగ్గులుండేది) పెట్టినప్పుడు బొమ్మంతా ఆకుపచ్చగా వస్తే కేబుల్ పాడైందనుకోకండి. మామూలు పసుపు, తెలుపు, ఎరుపు కేబుల్ పెట్టి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపొనెంట్ వీడియో అవుట్‌ను ఆర్జీబీ నుంచి రెండోదానికి మార్చి, మళ్లీ కాంపొనెంట్ పెట్టండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ పీఎస్‌3లో ఏ మోడల్ మంచిది?
– పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: స్లిమ్‌లో సీఈసీహెచ్‌-2100 నంబరూ ఆ పైవీ తీసుకోండి. అప్పటికి గ్రాఫిక్స్ చిప్ 40 నానోమీటర్లకు తగ్గింది, వేడి తక్కువ. తొలి లావు మోడళ్లలో 90 నానోమీటర్ల చిప్ వేడెక్కి పాడై, పసుపు లైటు వెలిగి ఆగిపోవడం అందరికీ తెలిసిన జబ్బు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ‘బాగు చేశాం’ అని అమ్మేవాళ్లుంటారు. అది కొన్ని వారాలకే మళ్లీ వస్తుంది. కొనేముందు ఏదైనా బరువైన గేమ్ గంటసేపు ఆడించి చూడండి.

ప్రశ్న: తెలుగు నేల మీద తయారైన ప్లేస్టేషన్ గేమ్ ఏదైనా ఉందా?
– విద్యార్థిని, మధురవాడ

జవాబు: ఉంది. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో పీఎస్‌2కి వచ్చింది. అప్పటికే పీఎస్‌3 మార్కెట్లో ఉన్నా మన ఇళ్లలో పీఎస్‌2దే రాజ్యం. దాని తయారీ 2013 దాకా సాగింది. డిస్కు దొరికితే గీతలు చూసి కొనండి, ఆడటానికి మాత్రం పనిచేసే పీఎస్‌2 కావాలి.