చదివించుటా, చదువుటా?

సందేహం: మా బడి గోడ మీద 'శిశుకేంద్రీకృత విద్య' అని ఉంది. శిక్షణ పుస్తకంలో 'శిశుకేంద్రిత' అని చూశాను. ఏది సాధువు?
ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

సమాధానం: శిశువే కేంద్రంగా గలది అనే బహువ్రీహి సమాసంగా 'శిశుకేంద్ర' అన్నా సరిపోయేది. ఇతచ్ అనే సంస్కృత ప్రత్యయం తగిలించిన 'కేంద్రిత' కూడా వాడుకకెక్కింది. 'కేంద్రీకృత'లో ఒకటి కానిది అది కావడాన్ని తెలిపే చ్వి ప్రత్యయం ఉంది కనుక, కేంద్రం కానిదాన్ని కేంద్రం చేశారని అర్థం. చదువుల చరిత్ర చూస్తే అదీ నిజమే!

అసలు తిరకాసు సమాసంలో లేదు, క్రియలో ఉంది. మన బమ్మెర పోతనను చూడండి. కొడుకును బడికి పంపుతూ హిరణ్యకశిపుడు 'చదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ' అంటాడు. చదివి వచ్చిన ప్రహ్లాదుడి జవాబు ఇది:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ!

ఐదు చోట్ల ఒకే ధాతువు. ఇంకొకరు చేయించారని చెప్పే 'ఇంచు' రూపం, అంటే ప్రేరణార్థకం, మొదటి మాటతోనే సరి. అక్కడ పిల్లవాడు 'నను' అంటూ ద్వితీయలో ఉన్నాడు. రెండో పాదం ముగిసేసరికి 'నేఁ' అని ప్రథమలోకి వచ్చేశాడు. శాస్త్రాలు గురువులు చదివించినవే, మర్మం మాత్రం తానై చదివినది. చండామార్కుల పాఠంలో లేనిది అదే. ఒక్క కందంలో కర్మ కాస్తా కర్త అయ్యాడు!

బాల్యానికి తనదైన చూపు, ఆలోచన ఉంటాయని 1762లో తత్త్వవేత్త రూసో తన 'ఎమీల్' పుస్తకంలో వాదించాడు. 1907లో రోమ్‌లో విద్యావేత్త మారియా మాంటిస్సోరి తెరిచిన బడిలో కుర్చీలూ బల్లలూ పిల్లల ఎత్తుకే చేయించారు. ఏ వస్తువుతో పని చేయాలో పిల్లలే ఎంచుకునేవారు, పంతులమ్మ పక్కన నిలిచి గమనించేది. వ్యాకరణంలో చెబితే, 'ఇంచు'ను తగ్గించడమే ఆమె పద్ధతి.

మనవాళ్లో? పిల్లవాణ్ణి కాలేజీలో 'వేశాం' అంటారు, ఉత్తరాన్ని డబ్బాలో వేసినట్టు. పాఠ్యప్రణాళికల్లో 'విద్యార్థులచే కృత్యములు చేయించబడును' అని రాస్తారు. ప్రేరణార్థకం మీద మళ్లీ కర్మణి! తృతీయలో నలిగిపోయిన ఆ పిల్లవాడు ఏ కేంద్రానికి చేరతాడు? 'పిల్లలు చేస్తారు' అని రాస్తే చేయి నొప్పి పుడుతుందా?

ఇక 'శిశు' సంగతి. శిశుకేంద్రిత పద్ధతిలో బోధించమన్న 2009 నాటి విద్యాహక్కు చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల వారికి. నూనూగు మీసాల వాణ్ణి శిశువనడం నాకు రుచించదు. 'బాలకేంద్రిత' అంటే బాగుంటుంది. అలాగని 'శిశు'ను అసాధువనలేను, వాడుక బలం దానికే ఎక్కువ. కేంద్రితమా, కేంద్రీకృతమా అన్నది మీ చెవికే వదిలేస్తున్నాను.